ముల్లును మోసే చేయి ముఖ్యమా? రికార్డును తిప్పే పళ్లెం ముఖ్యమా?

బ్రిటన్‌లోని ససెక్స్ ప్రాంతంలో స్టెయినింగ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి ఒక కర్మాగారం నుంచి దాదాపు ఆరు దశాబ్దాలపాటు ప్రపంచమంతటికీ ఎగుమతి అయిన వస్తువొకటి 2019 డిసెంబరుతో విడిగా అమ్మకానికి లేకుండా పోయింది. గ్రామఫోను రికార్డుపై ముల్లును మోస్తూ కదిలే లోహపు చేయి అది. పరిభాషలో దాని పేరు టోన్‌ఆర్మ్. తయారీదారైన ఎస్.ఎం.ఇ. సంస్థ ఇకపై తన చేతులను సొంత టర్న్‌టేబుళ్లతో కలిపి తప్ప విక్రయించబోనని ప్రకటించడంతో ప్రపంచవ్యాప్తంగా రికార్డు ప్రియులు నివ్వెరపోయారు. ఒక కంపెనీ టర్న్‌టేబుల్‌కు ఈ సంస్థ చేతిని బిగించుకోవడం అంతకుముందు వరకు ఈ రంగంలో సర్వసాధారణం.

ఈ సంస్థ యాజమాన్యం భారతీయుల చేతిలో ఉండడం గమనార్హం. పుణెకు చెందిన వ్యాపారవేత్త అజయ్ షిర్కే నేతృత్వంలోని కేడెన్స్ గ్రూపు 2016లో ఎస్.ఎం.ఇ.ని కొనుగోలు చేసింది. క్రికెట్ బోర్డు కార్యదర్శిగా ఉండి 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో పదవి కోల్పోయిన షిర్కేయే ఈయన. 2018లో ఇదే గ్రూపు గారార్డ్ అనే మరో పాత బ్రిటిష్ టర్న్‌టేబుల్ పేరును కూడా సొంతం చేసుకున్నది. ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చినవారి చేత తెప్పించుకుంటే తప్ప మన దేశంలో కంటికి కనిపించని యంత్రాల భవితవ్యం ఇప్పుడు పుణెలో నిర్ణయమవుతున్నదన్న మాట.

అయితే మన శ్రోతను వేధిస్తున్న ప్రశ్న యాజమాన్యానికి సంబంధించినది కాదు. లక్షల రూపాయలు వెచ్చించి ఇంట్లో రికార్డు వినే ఏర్పాటు చేసుకోదలచినవారు మొదట దేనికి ఖర్చు పెట్టాలి? చేతికా, పళ్లేనికా? ఇది కేవలం శ్రీమంతుల వినోదానికి సంబంధించిన విషయమని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఎల్.పి.లుగా వెలువడిన కచేరీలలో, నాటకాలలో, ప్రాంతీయ గీతాలలో చాలా భాగం ఆ తర్వాత సి.డి.గా గానీ మరో రూపంలో గానీ తిరిగి రాలేదు. అటువంటి రికార్డును సరిగా అమరని చేతితో, అరిగిన ముల్లుతో పదిసార్లు వింటే పదకొండోసారి వినడానికి ఏమీ మిగలదు. పాత పెట్టె గ్రామఫోనుల్లోని సిరామిక్ కార్ట్రిడ్జిలు ఐదారు గ్రాముల భారంతో గాడిని తొక్కేవి. నేటి మంచి కార్ట్రిడ్జి ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాములతో సరిపెట్టుకుంటుంది.

చేయి చేసే పని

రికార్డు తయారైనప్పుడు గాడిని చెక్కే యంత్రపు మొన అంచు నుంచి కేంద్రం వైపు సరళరేఖలో ప్రయాణిస్తుంది. ఇంట్లో వినేటప్పుడు మాత్రం ముల్లు ఒక ఇరుసు చుట్టూ వృత్తాకారంలో తిరుగుతుంది. ఈ రెండు మార్గాలూ ఎన్నటికీ పూర్తిగా కలవవు. కలవనిచోట ముల్లు గాడికి కాస్త వంకరగా నిలుస్తుంది, ఆ మేరకు ధ్వని వికృతి చెందుతుంది. 1924లో బ్రిటన్‌కు చెందిన పెర్సీ విల్సన్, 1938లో స్వీడన్‌కు చెందిన లోఫ్‌గ్రెన్, 1941లో బేర్‌వాల్డ్ ఈ దోషాన్ని గణితంతో లెక్కకట్టారు. చేతిని కొద్దిగా వంచి, ముల్లు కొనను కేంద్రపు కడ్డీని దాటి సుమారు 15 మిల్లీమీటర్లు ముందుకు జరిపితే రికార్డుపై రెండుచోట్ల దోషం పూర్తిగా సున్నా అవుతుంది. మిగతాచోట్ల 9 అంగుళాల చేతికి గరిష్ఠంగా 2 డిగ్రీల వరకు తేడా మిగులుతుంది. నేటికీ తయారీదారులు ఎక్కువగా అనుసరించేది ఈ లెక్కలనే.

12 అంగుళాల చేయి వాడితే ఆ 2 డిగ్రీలు ఒకటిన్నరకు తగ్గుతుంది. అందుకే పొడవు చేతులంటే కొందరికి మోజు. అయితే చేయి పొడవైనకొద్దీ బరువు పెరుగుతుంది, అమరికలో జరిగే పొరపాటుకు శిక్ష కూడా పెరుగుతుంది. బిగింపులో ఒక మిల్లీమీటరు తేడా వస్తే పొడవు వల్ల కలిగిన లాభం హరించుకుపోతుంది. పొడవు చేతికి అదనంగా చెల్లించి, దాన్ని బిగించే మనిషికి చెల్లించడానికి వెనుకాడేవారు ఈ సంగతి గుర్తించడం మంచిది.

వంకర సమస్యను మొదలంటా తొలగించేందుకు సరళరేఖలో కదిలే చేతులూ వచ్చాయి. డెన్మార్క్‌కు చెందిన బ్యాంగ్ అండ్ ఓలుఫ్సెన్ 1972లో విడుదల చేసిన బియోగ్రామ్ 4000 వాటిలో ప్రసిద్ధమైనది. ముల్లు ఏమాత్రం పక్కకు ఒరిగినా కనిపెట్టి చిన్న మోటారుతో చేతిని ముందుకు జరిపే ఏర్పాటు అందులో ఉంది. చూడముచ్చటైన యంత్రమే గానీ మరమ్మతుకు వస్తే మన నగరాల్లో దాన్ని విప్పగలిగినవారు అరుదు.

బరువు, మెత్తదనం

వంకర లెక్క కంటే మరో లెక్క ముఖ్యమైనది, అంగడివారు చాలామంది దాన్ని కొనుగోలుదారుకు చెప్పరు. చేయికి బరువు ఉంటుంది. ముల్లును పట్టుకున్న సన్నని కడ్డీకి స్ప్రింగు వలె వంగే గుణం ఉంటుంది. బరువు, స్ప్రింగు కలిసినచోట ఊయలకు ఉన్నట్లే ఒక సహజ ఊగు ఉండక తప్పదు. ఆ ఊగు సెకనుకు 8 నుంచి 12 సార్ల మధ్య ఉండడం క్షేమం. అంతకంటే తక్కువైతే వంపు తిరిగిన రికార్డు ఎగుడుదిగుళ్లకే చేయి ఊగిపోతుంది. 20కి దగ్గరగా వస్తే మృదంగం ఎడమ వైపు మోత, సినిమా పాటల్లోని బేస్ గిటారు వాపు వచ్చినట్లు వినిపిస్తాయి.

ఒక ఉదాహరణ చూడవచ్చు. 11 గ్రాముల ప్రభావ భారం గల చేయి, 6 గ్రాముల కార్ట్రిడ్జి, ఒక గ్రాము మరలు కలిపి 18 గ్రాములు. కార్ట్రిడ్జి వంగే గుణం 10 యూనిట్లయితే ఊగు 12కు కాస్త తక్కువగా వస్తుంది. అది సరైన జోడీ. అదే చేతికి వంగే గుణం 30 యూనిట్లున్న మెత్తని కార్ట్రిడ్జి తగిలిస్తే ఊగు 7 లోపుకు పడిపోతుంది. రెండూ విడివిడిగా మేలైన వస్తువులే అయినప్పటికీ కలిపి వింటే రికార్డు వంపు వచ్చినప్పుడల్లా స్పీకరు పొర ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది.

చేతుల చరిత్రలో అధికభాగం ఈ పొందిక కోసం జరిగిన వెతుకులాటే. అలాస్టర్ రాబర్ట్‌సన్ ఐక్‌మన్ 1946లో నమూనా యంత్రాల విడిభాగాల కోసం స్థాపించిన సంస్థ ఎస్.ఎం.ఇ. సొంత అవసరం కోసం చేసుకున్న చేయి మిత్రులకు నచ్చడంతో 1959లో ఆయన 3009 పేరుతో మార్కెట్లోకి తెచ్చారు. కత్తి అంచుపై తూగే త్రాసు పద్ధతిలో దాని ఇరుసు పనిచేసేది. ఆ తర్వాత కార్ట్రిడ్జిలు మెత్తబడుతూ వచ్చిన కాలంలో ఎస్.ఎం.ఇ. చేతులు కూడా తేలికవుతూ వచ్చాయి. 1980లలో మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జిలకు ఆదరణ పెరిగేసరికి గాలి తిరిగి గట్టి చేతుల వైపు మళ్లింది. మెగ్నీషియం పోతతో వచ్చిన సిరీస్ 5 ఆ కాలానిదే. అదే దశకంలో, 1983లో, రెగా సంస్థ అల్యూమినియంను ఒకే పోతగా పోసి తెచ్చిన ఆర్.బి. 300 అనే చేయి సామాన్యుల ధరలో గట్టిదనం అందించింది. అతుకులు తగ్గినకొద్దీ కంపనం తగ్గుతుందన్న సూత్రాన్ని ఇంత చవకగా అమలు చేసిన వస్తువు అంతకుముందు లేదని చెప్పవచ్చు.

తిప్పే పద్ధతులు మూడు

పళ్లెం విషయానికి వస్తే పోటీ మూడు శిబిరాల మధ్య సాగుతున్నది. మొదటిది రబ్బరు చక్రంతో పళ్లెం అంచును రాపాడిస్తూ తిప్పే పద్ధతి. 1954లో వచ్చిన గారార్డ్ 301 దీనికి పెద్ద దిక్కు. రేడియో స్టేషన్ల కోసం తయారైన బండయంత్రం. పాటకు బలం, తాళానికి పట్టు వస్తాయని దీని అభిమానులు చెబుతారు. మోటారు గుర్రు కొంత ముల్లులోకి చేరుతుందని ప్రత్యర్థులు అంటారు. ఇద్దరి మాటా నిజమే.

రెండవది బెల్టు పద్ధతి. గ్లాస్గోకు చెందిన లిన్ సంస్థ 1973 నుంచి తయారుచేస్తున్న ఎల్.పి. 12 దీనికి ప్రతినిధి. పళ్లెం, చేయి కలిసి స్ప్రింగులపై వేలాడుతూ ఉంటాయి. పళ్లెం దగ్గర పోగొట్టుకున్నదాన్ని ఎంత ఖరీదైన స్పీకరూ తిరిగి తీసుకురాలేదన్న వాదాన్ని ఐవర్ టీఫెన్‌బ్రన్ ఈ యంత్రంతోనే ప్రచారంలోకి తెచ్చారు. 50 ఏళ్లు నిండిన సందర్భంగా 2023లో ఐఫోన్ రూపశిల్పి జానీ ఐవ్ బృందంతో కలిసి 250 ప్రత్యేక యంత్రాలను లిన్ విడుదల చేసింది. ఒక్కొక్కటి 50 వేల పౌండ్లు. మన లెక్కలో అర కోటి రూపాయల పైమాటే. ఇదే 1973లో పుట్టిన రెగా సంస్థ బెల్టునే నమ్ముకున్నా స్ప్రింగులను వదిలేసి, తేలికైన, బిగువైన చట్రం వైపు మొగ్గింది.

మూడవది మోటారు ఇరుసునే పళ్లేనికి ఇరుసుగా మలచిన డైరెక్ట్ డ్రైవ్. జపాన్‌కు చెందిన మత్సుషిటా 1970లో టెక్నిక్స్ ఎస్.పి. 10ని, 1972లో ఎస్.ఎల్. 1200ను తెచ్చింది. రెండోది నృత్యశాలల్లో డి.జె.ల చేతిలో పడి చిరంజీవి అయింది. 2010లో ఉత్పత్తి నిలిపివేసిన కంపెనీ, గిరాకీ చూసి 2016లో కొత్త మోటారుతో పునరుద్ధరించింది. తొలివిడతగా 1,200 మాత్రమే తయారుచేసి, 4 వేల డాలర్లు ధర పెట్టడం పాత కొనుగోలుదారులకు మింగుడుపడలేదు.

తంబుర పెట్టే పరీక్ష

పాశ్చాత్య పత్రికల సమీక్షలు జాజ్, సింఫనీ, రాక్ సంగీతాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినవి. మన సంగీతం వినేవారు వాటిని యథాతథంగా నమ్మడం సరికాదు. కారణం తంబుర. ఆరంభం నుంచి ముగింపు వరకు ఒకే శ్రుతిని పట్టుకొని నిలిచే ఈ నాదం వేగంలోని ప్రతి లోపాన్నీ బయటపెడుతుంది. పియానో స్వరం మోగి ఆరిపోయేలోగా చెవి గమనించని ఊగిసలాట తంబురలో దాగదు.

రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. నడిమి రంధ్రం కేవలం అర మిల్లీమీటరు పక్కకు పడినా, కేంద్రానికి 100 మిల్లీమీటర్ల దూరంలోని గాడిలో శ్రుతి ప్రతి చుట్టుకూ అటు అర శాతం, ఇటు అర శాతం జారుతుంది. పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య దూరంలో ఇది దాదాపు పన్నెండో వంతు. గాయకుడు గమకం వేస్తున్నాడా, రికార్డు ఊగుతున్నదా అన్న సందేహం కలగడానికి ఈ మాత్రం చాలు. ఈ దోషం రికార్డుది కనుక అర కోటి యంత్రం కూడా దీన్ని సరిచేయలేదు. అలాగని యంత్రం తన ఊగిసలాటను దీనికి తోడుచేయడం క్షమార్హం కాదు. శ్రుతి స్థిరత్వంలో డైరెక్ట్ డ్రైవ్‌కు ఉన్న ఆధిక్యం మన శ్రోతకు పాశ్చాత్యుడి కంటే ఎక్కువ ఉపయోగం.

మరో చిక్కు కూడా మనకే ప్రత్యేకం. ఎల్.పి. అంచున గాడి ముల్లు కింద సెకనుకు 51 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. పక్క ముగిసేచోట అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంటే అదే ధ్వనిని సగం కంటే తక్కువ స్థలంలో ఇరికించి చెక్కవలసి వస్తుంది. వికృతి పెరిగేది అక్కడే. హిందూస్తానీ రాగం నింపాదిగా విలంబితంలో మొదలై ద్రుతంలో, సితారయితే ఝాలాలో ముగుస్తుంది. కర్ణాటక కచేరీలో కల్పనస్వరాలు, మృదంగ విద్వాంసుడి తీర్మానాలు చివరనే వస్తాయి. సంగీతం అత్యంత వేగంగా, దట్టంగా ఉన్నచోటనే రికార్డు అత్యంత బలహీనంగా ఉంటుందన్న మాట. ఇక్కడ పళ్లెం చేయగలిగింది ఏమీ లేదు. చేయి అమరిక, ముల్లు కొన ఆకారం మాత్రమే కాపాడతాయి. దుకాణంలో పరీక్షించేవారు పక్క మొదటి రెండు నిమిషాలు విని సంతోషించకుండా చివరి మూడు నిమిషాలు వినిపించమని అడగడం ఉత్తమం.

48 సైకిళ్ల కరెంటు

పాత గారార్డ్, తొలినాళ్ల లిన్, రెగా వంటి యంత్రాల మోటార్లు వేగానికి విద్యుత్ సరఫరా ఫ్రీక్వెన్సీపైనే ఆధారపడతాయి. బ్రిటన్‌లో 50 సైకిళ్లు ఎన్నడూ పెద్దగా చలించలేదు కాబట్టి అక్కడి సమీక్షకులు ఈ విషయం ప్రస్తావించరు. 1990లలో దక్షిణ భారత గ్రిడ్ పరిస్థితి వేరు. పంపుసెట్ల తాకిడికి ఫ్రీక్వెన్సీ తరచు 48.5కు దిగువన నడిచేది. మోటార్లు కాలిపోయిన రైతుల అవస్థలు అప్పటి పత్రికల నిండా ఉండేవి. అదే కరెంటుతో నడిచిన గ్రామఫోను సంగతి ఎవరూ రాయలేదు. 48 సైకిళ్ల వద్ద పళ్లెం 4 శాతం మందగిస్తుంది. పాట శ్రుతి స్వరస్థానాల మధ్య దూరంలో 70 శాతం మేర కిందికి జారుతుంది. రికార్డుతో కలిపి హార్మోనియం వాయించబోయిన విద్యార్థి తన చెవినే అనుమానించి ఉంటాడు.

2003 జనవరి నుంచి దక్షిణాదిన అమలైన కొత్త విద్యుత్ టారిఫ్ విధానంతో, 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ దేశ గ్రిడ్‌తో అనుసంధానం కావడంతో ఈ బెడద దాదాపు తొలగింది. నేటి గ్రిడ్ నియమావళి 49.90, 50.05 మధ్య ఉండాలని నిర్దేశిస్తున్నది. క్వార్ట్జ్ స్ఫటికంతో వేగాన్ని అదుపుచేసే డైరెక్ట్ డ్రైవ్‌లకు, సొంతంగా ఫ్రీక్వెన్సీ సృష్టించుకొనే ఎలక్ట్రానిక్ సరఫరా గల బెల్టు యంత్రాలకు అసలు ఈ సమస్యే లేదు.

స్ప్రింగులపై వేలాడే పద్ధతి విషయంలోనూ మన పరిస్థితి భిన్నం. బ్రిటిష్ ఇళ్లలో చెక్క నేలపై అడుగు వేస్తే టర్న్‌టేబుల్ కదులుతుంది. స్ప్రింగులు అక్కడ అవసరం. కాంక్రీటు శ్లాబుపై బండలు పరిచిన మన ఇంట్లో ఆ లాభం స్వల్పం. మన శత్రువులు వేరు. సీలింగు ఫ్యాను గాలి, అది మోసుకొచ్చే దుమ్ము, వానాకాలపు బూజు, మే నెల వేడికి వంపు తిరిగే రికార్డులు. వీటికి కావలసింది మూతపెట్టే సౌకర్యం ఉన్న యంత్రం, రికార్డులు కడిగే మంచి పరికరం, వంపులను తట్టుకొనే పొందికైన చేయి.

వీటన్నిటినీ బట్టి చూస్తే, పరిమిత బడ్జెట్ గల భారతీయ శ్రోత వేగం స్థిరంగా ఉండే సాదాసీదా పళ్లేన్ని ఎంచుకొని, చేయి, కార్ట్రిడ్జి జోడీపై, దాని అమరికపై ఎక్కువ శ్రద్ధ పెట్టడం మేలనిపిస్తుంది. లిన్ వాదం తప్పని కాదు. 1970లలో పళ్లేల మధ్య ఉన్న అంతరం నేడు అంతగా లేదు.

కోహినూరు బంధుత్వం

పాత 78 వేగం రికార్డులు ఉన్నవారి లెక్క మళ్లీ వేరు. మన దేశంలో లక్క రికార్డులు విదేశాల కంటే ఎక్కువ కాలం నిలిచాయి. డమ్‌డమ్ కర్మాగారం 1960లలో బీటిల్స్ పాటలను సైతం 78లపై అచ్చువేసింది. వాటి గాడి వెడల్పు కనుక ముల్లు కొన కూడా లావుగా, సుమారు 65 మైక్రాన్లు ఉండాలి. ఎల్.పి. ముల్లు 18 మైక్రాన్లే. రెంటినీ వినదలచినవారికి కార్ట్రిడ్జితో సహా తల భాగాన్ని విప్పి మార్చుకోగల చేయి తప్పనిసరి. ఒకే పోతగా వచ్చిన గట్టి చేతులు ఎంత గొప్పవైనా ఇక్కడ అక్కరకు రావు. మూడు వేగాలూ గల గారార్డ్ 301కు నేటికీ గిరాకీ తగ్గకపోవడానికి ఇదొక కారణం.

గారార్డ్ పేరుకు తెలుగువారితో దూరపు చుట్టరికం ఒకటి ఉంది. 1915లో ఈ ఇంజనీరింగ్ సంస్థను నెలకొల్పింది లండన్‌లోని రాజాస్థాన నగల వ్యాపారులైన గారార్డ్‌లు. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని ప్రతీతి గల కోహినూరు వజ్రాన్ని 1852లో తిరిగి సాన పట్టించే పని అప్పగించింది కూడా ఈ నగల సంస్థకే. వజ్రం బరువు ఆ సానలో 40 శాతానికి పైగా తగ్గిపోయింది. ఇంజనీరింగ్ శాఖ 1960లో ప్లెస్సీ చేతికి, 1979లో పేరు బ్రెజిల్‌కు చెందిన గ్రాడియెంటె చేతికి, 2018లో చివరికి పుణె యజమాని చేతికి వచ్చింది. పాత 301లను విప్పి, కొత్త భాగాలతో పునర్నిర్మించి, ఎస్.ఎం.ఇ. చేతిని బిగించి స్టెయినింగ్ నుంచే అమ్ముతున్నారు.

మార్కెట్ కూడా అనుకూలంగానే ఉంది. అమెరికాలో 2022లో 4 కోట్ల 10 లక్షల వినైల్ రికార్డులు అమ్ముడుపోగా, సి.డి.లు 3 కోట్ల 30 లక్షలకే పరిమితమయ్యాయి. రికార్డులు సి.డి.లను మించడం 1987 తర్వాత అదే ప్రథమం. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారం దగ్ధమై, గాడి చెక్కే లక్క పూత పళ్లేలకు జపాన్‌లోని ఒకే తయారీదారు దిక్కయినా గిరాకీ ఆగలేదు. మన దేశంలో రికార్డుల అచ్చు 1990లలో నిలిచిపోగా, 2024లో ముంబై ప్రాంతంలో కొత్త అచ్చు కర్మాగారం ప్రారంభమైంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు సెలవులకు వస్తూ పాత టర్న్‌టేబుల్ వెంట తేవడం ఇటీవల తరచు జరుగుతున్నది. అక్కడి సరఫరా 120 వోల్టులు, 60 సైకిళ్లు. ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టేజీ సరిపోతుందే గానీ ఫ్రీక్వెన్సీ మారదు. ఫ్రీక్వెన్సీపై నడిచే మోటారయితే 33 చుట్లు తిరగవలసిన పళ్లెం 28 లోపే తిరుగుతుంది, ఘంటసాల గొంతు మరెవరిదో అనిపిస్తుంది. అటువంటి యంత్రానికి 50 సైకిళ్లకు సరిపడే పుల్లీని ముందుగానే తెప్పించుకోవాలి. కొన్ని నమూనాలకు అది ఇప్పటికీ దొరుకుతున్నది.